వంగుటూరు ఎక్కడ ఉన్నది? – పాత రిజిష్టర్లలో మన ఊళ్ల పేర్లు

బబులోను చెరనుండి తిరిగివచ్చినవారి జాబితా ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో ఉన్నది. గుడిలో మనము సాధారణముగా దాటవేసే అధ్యాయమది. అన్నీ పేర్లు, అంకెలు. అయితే ఆ జాబితా చివరికి వచ్చేసరికి ఒక విచారకరమైన సంగతి ఎదురగును. కొన్ని ఊళ్లనుండి వచ్చినవారు తమ పితరుల ఇల్లు ఏదో చూపలేకపోయినారు. యాజకులలో కొందరు వంశావళి పుస్తకములో తమ పేర్లు వెదకుకొని, అవి కనబడక, యాజక ధర్మమునకు దూరమైనారు. పుస్తకములో ఒక పేరు కనబడకపోవుట మనిషికి ఎంత కష్టమో ఆ కొద్ది వచనములను చదివినవారికి తెలియును.

మన అధ్యక్ష మండలము నూరేండ్ల పండుగ చేసుకొనుచున్న ఈ సమయములో చాలామంది సంఘ సభ్యులు గురువులయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా తాతగారు ఏ ఊళ్లో బాప్తిస్మము పొందినారో పుస్తకము చూచి చెప్పండి" అని అడుగుచున్నారు. మంచి కోరికే. కాని పుస్తకము తెరిచిన తరువాత అసలు చిక్కు మొదలగును. పేరు ఉండును, తేదీ ఉండును, ఊరి పేరుకూడ ఉండును. ఆ ఊరు మాత్రము భూమిమీద ఎక్కడా కనబడదు. అట్టి ఊళ్లను వెదకుటలో మేము నేర్చుకొన్న నాలుగు మాటలను, మేము చేసిన ఒక తప్పును కలిపి ఈ సంచికలో వ్రాయుచున్నాము. తప్పును దాచి పాఠమును మాత్రము చెప్పుట న్యాయము కాదని మా ఉద్దేశము.

కొన్ని సంవత్సరముల క్రిందట, అప్పటి మా పాస్టరేటులో ఒక రిటైరైన టీచరమ్మగారు ఉండిరి. డెబ్బది అయిదు దాటిన వయస్సు. ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత చేతిసంచిలోనుండి మడతలు చిరిగిన ఒక కాగితము తీసి మాకిచ్చినారు. ఆమె తండ్రిగారు పసివాడుగా ఉన్నప్పుడు తలిదండ్రులతో కూడ బాప్తిస్మము పొందిన సంగతిని, చాలా కాలము క్రిందట ఎవరో గుడి పుస్తకమునుండి ఎత్తి ఇంగ్లీషులో టైపు చేసి ఇచ్చిన నకలు అది. కాగితము పైభాగము చినిగిపోయినది. ఏ గుడి పుస్తకమో ఆ ముక్కతోనే పోయినది. మిగిలిన భాగములో ఆమె తాతగారి పేరు, నాయనమ్మగారి పేరు, 1912 అను సంవత్సరము, ఆపైన "వంగుటూరు, కిస్ట్నా జిల్లా" అని ఉన్నది.

"నాయన ఊరేదో మాకు చెప్పకుండానే పోయాడండి. అడిగితే 'మన ఊరు ప్రభువు రాజ్యమే' అనేవాడు. నేను పోయేలోగా ఒక్కసారి ఆ ఊరి గుడిలో మోకరించాలని ఉంది" అని ఆమె చెప్పినారు. ఆమె కుమారులు కృష్ణా జిల్లా అంతయు విచారించినారట. వంగుటూరు అను ఊరు వారికి దొరకలేదు.

మేము కాగితము ఇంటికి తెచ్చుకొని ఆ రాత్రి ఆలోచించినాము. పాత ఇంగ్లీషు చేవ్రాతలో 'యు' అను పెద్ద అక్షరము, 'వి' అను పెద్ద అక్షరము దాదాపు ఒకే రీతిగా ఉండును. టైపు చేసినవారు తెలుగు ఊళ్లు ఎరుగనివారైతే మొదటి అక్షరమును 'వి' అని చదువుటలో వింత లేదు. 'వి' తీసి 'యు' పెట్టి చూచితిమి. వంగుటూరు ఉంగుటూరు అయినది! కృష్ణా జిల్లాలో గన్నవరము దగ్గర ఉంగుటూరు ఉన్నది గదా. మాకు కలిగిన సంతోషము చెప్పరానిది. మరునాడే టీచరమ్మగారికి కబురు పంపినాము. ఆమె కుమారులతో కూడ ఆ ఊరు వెళ్లి, గుడిలో మోకరించి, కృతజ్ఞతార్పణ చెల్లించి, సమాధులమీద పూలు పెట్టి వచ్చినారు. ఆ తరువాత తండ్రిగారి సమాధికి కొత్త రాయి చేయించి, ఆయన పేరు క్రింద "స్వగ్రామము: ఉంగుటూరు, కృష్ణా జిల్లా" అని చెక్కించినారు.

ఈ కథ ఇంతటితో ముగియలేదు. అయితే మిగిలినది చెప్పుటకు ముందు, ఊరి పేరు పుస్తకములోనికి ఎట్లు వచ్చునో కొంచెము వివరించవలసియున్నది.

ముందుగా జనాభా లెక్కల సంగతి. "1881 జనాభా లెక్కల్లో మా ముత్తాత పేరు ఉంటుంది గదా, చూడవచ్చునా?" అని చదువుకొన్న యువకులు అడుగుచుందురు. ఇంగ్లాండులో అది సాధ్యమే. అక్కడ 1841 నుండి ఇంటింటి వివరములు వ్రాసిన పుస్తకములను దాచియుంచి, నూరేండ్లు గడిచిన తరువాత ప్రజలకు చూపుదురు. 1841లో ఆ జిల్లాలోనే పుట్టినావా అను ప్రశ్న ఉండెను. 1851 నుండి పుట్టిన ఊరును కూడ వ్రాసినారు. అయితే విదేశములలో పుట్టినవారికి దేశము పేరు చెప్పిన చాలునన్నారు. అందుచేత మన తెలుగు నేలమీద పుట్టిన మిషనరీల బిడ్డలు అక్కడి లెక్కలలో "ఈస్ట్ ఇండీస్" అను రెండు మాటలలో అణగిపోయినారు. ఊరు వ్రాసిన చోటకూడ, మసులిపటము అను మాటను ఎన్నడును వినని గణకుడు దానిని ఎట్లు వ్రాసియుండునో ఊహించుకొనవచ్చును.

మన దేశములో సంగతి వేరు. మద్రాసు రాజధానిలో 1871లో లెక్కలు తీసినారు. దేశమంతటా ఒకే రాత్రి లెక్కించుట 1881 ఫిబ్రవరి 17న జరిగినది. కాని ఇంటింటి కాగితములను మొత్తములు కట్టిన తరువాత దాచలేదు. మనకు మిగిలినవి అంకెల సంపుటములు మాత్రమే. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1948లో చేసిన జనాభా లెక్కల చట్టము ప్రకారము వ్యక్తుల వివరములు రహస్యములు. కనుక మన దేశపు లెక్కలలో తాతగారి పేరు దొరకదు. దొరకునది ఊరి పేరు. 1951 నుండి జిల్లాల వారీగా అచ్చువేసిన జనాభా లెక్కల చేతిపుస్తకములలో ప్రతి రెవెన్యూ గ్రామము పేరు ఉన్నది. మనిషి పేరుకు గుడి పుస్తకము, ఊరి పేరుకు ప్రభుత్వపు పుస్తకము. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుటయే మన పని.

ఇక ఊరి పేరు చెడిపోవు మార్గము. మనిషి నోటనుండి వచ్చిన పేరు వ్రాసేవాని చెవిలో పడును. చెవినుండి చేతికి వచ్చును. చేతినుండి కాగితముమీదికి, కాగితమునుండి మరియొకని కంటికి పోవును. నోరు, చెవి, చేయి, కన్ను – ఈ నాలుగు మెట్లలో ప్రతి మెట్టునను పేరు కొంత మారును.

నోరు, చెవుల సంగతి న్యాయాధిపతుల గ్రంథము చదివినవారికి క్రొత్త కాదు. షిబ్బోలెతు అనలేక సిబ్బోలెతు అన్నందుకు ఎఫ్రాయిమీయులు యొర్దాను రేవులయొద్ద ప్రాణములు పోగొట్టుకొన్నారు. మన పెద్దలకు ప్రాణములు పోలేదు గాని ఊళ్లు పోయినవి. తమిళ గుమాస్తా వ్రాసినప్పుడు గ, క ఒకటైనవి. ద, త ఒకటైనవి. బ, ప ఒకటైనవి. ఇంగ్లీషు దొర వ్రాసినప్పుడు తకు టకు, దకు డకు, లకు ళకు భేదము లేకుండ పోయినది. కాకినాడ కోకనాడ అయినది. ఏలూరు ఎల్లోరు, విజయవాడ బెజవాడ, శ్రీకాకుళము చికాకోలు, భీమునిపట్నము బిమ్లిపటము అయినవి. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున 1878 జూలై 3న ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన వెల్లంపల్లిని అమెరికను మిషనరీలు "వెలంపిల్లీ" అని వ్రాసినారు. తెలుగుకే వారి పూర్వులు "జెంటూ" అని పేరు పెట్టిరి. పాత కాగితములో భాష జెంటూ అని ఉంటే ఆ మనిషి మనవాడేనని గ్రహించవలెను.

చేయి, కన్నుల సంగతి మరింత సూక్ష్మమైనది. గొలుసుకట్టు ఇంగ్లీషు వ్రాతలో 'ఎన్', 'యు' అను చిన్న అక్షరములు కవలపిల్లలు. 'ఇ', 'సి' కవలపిల్లలు. అడ్డగీత మరచిన 'టి' 'ఎల్' అగును. పాతకాలపు పొడవు 'ఎస్' 'ఎఫ్' వలె ఉండును. తెలుగు వ్రాతలోను ఇట్టి చిక్కులు లేకపోలేదు. కరణముల గొలుసుకట్టులో ప, వ, మ, స అను అక్షరములు ఒకదానినొకటి పోలియుండును. కొ, కో అను భేదము చాలా పాత వ్రాతలలో పాటింపబడలేదు. తలకట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగినదో తెలియదు. వలపలగిలక నేటి పిల్లలకు అసలే తెలియదు.

వేదాంత కళాశాలలో హెబ్రీ నేర్చుకొన్న దినములలో మా ఉపాధ్యాయులు దీనినే మరియొక రీతిగా చెప్పినారు. హెబ్రీలో దాలెతు, రేషు అను అక్షరములకు భేదము ఒక చిన్న మూల మాత్రమే. ఆదికాండము పదవ అధ్యాయపు హెబ్రీ మూలములో దోదానీము అని ఉన్న జనము పేరు, మొదటి దినవృత్తాంతముల మొదటి అధ్యాయములో రోదానీము అని ఉన్నది. పరిశుద్ధ గ్రంథమును భయభక్తులతో ఎత్తివ్రాసిన శాస్త్రుల చేతిలోనే ఇది జరిగినప్పుడు, మలేరియా జ్వరములో ఎడ్లబండిమీద తిరుగుచు రిజిష్టరు వ్రాసిన మన ఉపదేశిని తప్పుపట్టగలమా? ఆ తరగతిలో నేర్చుకొన్న మరొక సూత్రముకూడ ఇక్కడ పనికివచ్చును. రెండు పాఠములు ఉన్నప్పుడు, సులభముగా ఉన్నదానిని చూచి వెంటనే సంతోషపడరాదు. తెలియని పేరును తెలిసిన పేరుగా మార్చుట ఎత్తివ్రాసేవారందరికి ఉన్న బలహీనత. చదివేవారికి కూడ అదే బలహీనత. మేము పడిన గోతి అదియే.

గురువుల ధ్యానకూటమునకు వెళ్లినప్పుడు, భోజనముల వేళ మేము ఈ వంగుటూరు కథను కొంచెము గర్వముతోనే చెప్పినాము. ప్రక్కన కూర్చున్న ఒక పెద్ద గురువుగారు విని, "తమ్ముడూ, ఏ ఉంగుటూరు?" అని మాత్రము అడిగినారు. మాకు చేతిలోని ముద్ద నోటికి పోలేదు.

ఉంగుటూరులు రెండు. ఒకటి గన్నవరము దగ్గర. రెండవది ఏలూరు, తాడేపల్లిగూడెముల నడుమ, రైలు మార్గములో ఉన్నది. దానిని పశ్చిమ గోదావరి ఉంగుటూరు అని మేము మొదటినుండి ఎరుగుదుము. జిల్లా వేరుగదా అని దానిని లెక్కలోనికే తీసుకొనలేదు. అయితే 1912లో పశ్చిమ గోదావరి జిల్లాయే లేదు! 1859లో రాజమండ్రి, మచిలీపట్నము, గుంటూరు జిల్లాలను సవరించి గోదావరి, కృష్ణా అని రెండు జిల్లాలు చేసినారు. 1904లో గుంటూరు జిల్లా వేరై, ఏలూరు వైపు తాలూకాలు గోదావరి జిల్లానుండి కృష్ణా జిల్లాలోనికి వచ్చినవి. 1925లో అవి విడిపోయి పశ్చిమ గోదావరి జిల్లా అయినది. 2022లో మరల విభజించినప్పుడు ఆ ఉంగుటూరు ఏలూరు జిల్లాలోనికి వచ్చినది. అనగా 1904కును 1925కును మధ్య రెండు ఉంగుటూరులును కృష్ణా జిల్లాలోనే ఉండినవి. మేము 1912 నాటి కాగితమును నేటి పటము పెట్టుకొని చదివినాము.

ఇట్టివి ఎన్నో ఉన్నవి. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లా, ఆపైన గుంటూరు జిల్లా, 1970 నుండి ప్రత్యేక జిల్లా. దానికి 1972లో ప్రకాశము పేరు పెట్టినారు. తాతగారు నెల్లూరు జిల్లా, తండ్రిగారు గుంటూరు జిల్లా, కుమారుడు ప్రకాశము జిల్లా అని ఉంటే, కుటుంబము మూడు ఊళ్లు తిరిగినదని అనుకొనరాదు. వారు ఒకే ఇంటి అరుగుమీద కూర్చుండియే మూడు జిల్లాలు చూచినారు. భద్రాచలము 1874లో మధ్యరాష్ట్రములనుండి గోదావరి జిల్లాకు వచ్చి, 1959లో ఖమ్మము జిల్లాకు పోయినది. ఊరు కదలదు, జిల్లా కదలును.

ధ్యానకూటమునుండి తిరిగిరాగానే ఏలూరు వైపు సంఘములలో ఉన్న సోదర గురువులకు వ్రాసినాము. ఒకరి గుడిలో ఇనుప పెట్టెలోనుండి 1910 ప్రాంతపు బాప్తిస్మపు రిజిష్టరు బయటపడినది. మేము స్వయముగా వెళ్లి చూచినాము. టీచరమ్మగారి తండ్రిగారి పేరు అందులో ఉన్నది. మొదటి అక్షరము నిజముగానే 'యు'. అంతవరకు మేము సరిగానే చదివినాము. కాని ఆ పుట అంతయు చూడగా, అదే తేదీన, అదే చేవ్రాతతో, పైన క్రింద ఉన్న వరుసలలో కైకరము, నారాయణపురము, చేబ్రోలు అను ఊళ్లు ఉన్నవి. ఇవి అన్నియు ఏలూరు వైపు ఉంగుటూరు చుట్టుప్రక్కల ఊళ్లే. గన్నవరము వైపు ఉంగుటూరు అయితే తేలప్రోలు, ఆత్కూరు వంటి పేర్లు ప్రక్కన ఉండవలెను. చేబ్రోలు ఒక్కటే ఉంటే గుంటూరు జిల్లాలోని చేబ్రోలు కావచ్చునని సందేహించవచ్చును. మూడు ఊళ్లు కలిసి సాక్ష్యము చెప్పినప్పుడు సందేహమునకు చోటు లేదు. మనిషిని అతని సహవాసమునుబట్టి తెలిసికొనినట్లే, ఊరినికూడ దాని ఇరుగుపొరుగునుబట్టి తెలిసికొనవలెను. ఒక్క వరుస నకలు చూచి ఎన్నడును తీర్పు చెప్పరాదు. పుట అంతయు చూడవలెను.

సముద్రము దాటిన మన తెలుగువారి సంగతిలో ఈ చిక్కులు పదిరెట్లు. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి 342 మందితో దక్షిణాఫ్రికాలోని దర్బను చేరినది. అది మొదలు 1911 వరకు నేటాలు చెరకు తోటలకు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా పోయినారు. వారిలో మన తెలుగువారు అనేకులు. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టు సంఘములు 1903లో రెవరెండ్ జాన్ రంగయ్యగారిని వారియొద్దకు మిషనరీగా పంపినవి. ఓడ రిజిష్టరులో ప్రతి మనిషికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది పుట్టుమచ్చలు అను గడులు ఉన్నవి. ఆ కుటుంబముల నాలుగవ, ఐదవ తరములవారు నేడు ఆ ఒక్క వరుస నకలు చేతబట్టుకొని మన జిల్లాలకు వచ్చుచున్నారు.

వారికి సాధారణముగా జరుగు పొరపాటు ఇది. కాగితములో జిల్లా గంజాము, తాలూకా చికాకోలు అని ఉండును. గంజాము నేడు ఒడిశాలో ఉన్నది గనుక బరంపురము చుట్టూ వెదకి, ఒరియా తెలియక, నిరాశతో తిరిగిపోవుదురు. కాని చికాకోలు మన శ్రీకాకుళమే. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు అది గంజామునుండి విశాఖపట్నము జిల్లాలోనికి వచ్చి, 1950లో స్వంత జిల్లా అయినది. జిల్లా పేరు దారి తప్పించినచోట తాలూకా పేరు దారి చూపును. మారిషసులో, బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచినారు. గోదావరి ముఖమున ఉన్న కోరంగి రేవులో ఓడ ఎక్కినందుకు వచ్చిన పేరది. 1839 ఉప్పెనలో ఆ రేవు ధ్వంసమైనది; పేరు మాత్రము సముద్రములు దాటి నిలిచినది. కోరంగి అని ఉన్న ప్రతివాడును కోరంగి వాడు కాడు. ఓడ ఎక్కిన ఊరు వేరు, ఉయ్యాల ఊగిన ఊరు వేరు.

మరియొక సంగతి మన సంఘములకు మరీ ముఖ్యము. ప్రభుత్వపు పుస్తకములలో ఉన్నవి రెవెన్యూ గ్రామములు. మన పితరులలో అనేకులు ఊరి వెలుపలి పల్లెలలో, గూడెములలో, పేటలలో నివసించినవారు. ఆ పల్లెలకు మనవారిలో మంచి పేర్లే ఉన్నవి. ప్రభుత్వపు జాబితాలో మాత్రము అవి ప్రధాన గ్రామములో కలిసిపోయినవి. భూమి లేనివారి పేరు భూమి లెక్కలలోను లేదు. కరణము పుస్తకము వారిని ఎరుగదు. జనాభా లెక్కలు వారిని అంకెగా మాత్రమే ఎరుగును. వారి పేరును, భార్య పేరును, పిల్లల పేర్లను, వారి పల్లె పేరును మొదటిసారి సిరాతో వ్రాసినది చాలాచోట్ల గుడి పుస్తకమే. కొన్ని రిజిష్టర్లలో బాప్తిస్మమునకు ముందున్న పేరుకూడ ఉన్నది. ఒక కుటుంబమునకు తమ ముత్తవ్వ అసలు పేరు మరెక్కడను దొరకదు. అందుచేత ఈ పుస్తకములలో ఒక్క అక్షరమును తప్పుగా చదువుట చిన్న తప్పు కాదు. ఆ పల్లె పేరు జాబితాలో లేదు గదా అని ప్రక్కనున్న తెలిసిన ఊరి పేరుగా దిద్దుట అంతకంటె పెద్ద తప్పు.

కనుక వెదకేవారికి మా మనవి ఇది. మొదట, పుస్తకములో ఉన్నది ఉన్నట్టుగా, తప్పుతో కూడ, అక్షరము అక్షరము ఎత్తివ్రాసికొనుడి. దిద్దుబాటు వేరే కాగితముమీద చేయుడి. రెండవది, ఆ పేరును మన పల్లెటూరి ఉచ్చారణతో పైకి నాలుగుసార్లు చదువుడి. కంటికి దొరకనిది చెవికి దొరకును. మూడవది, అదే వ్రాసగాడు మనకు తెలిసిన ఊళ్లను, తెలిసిన పేర్లను ఎట్లు వ్రాసినాడో చూచి, అతని 'యు' ఎట్లుండునో, అతని 'ప' ఎట్లుండునో నేర్చుకొనుడి. నాల్గవది, ఇరుగుపొరుగు వరుసలు చూడుడి. ఐదవది, ఆ సంవత్సరములో జిల్లా, తాలూకా హద్దులు ఎట్లున్నవో తెలిసికొనుడి. ఆరవది, ఒకే పేరుగల ఊళ్లన్నిటిని జాబితా వేయుడి. కొత్తపల్లులు, రామాపురములు, గోపాలపురములు ఎన్ని ఉన్నవో మీకే తెలియును. ఏడవది, ఆ ఊరి పెద్దవారిని అడుగుడి. అయితే జవాబును ముందుగా వారి నోటికి అందింపకుడి. "మా తాత ఇక్కడివాడేగదా?" అని అడిగితే, ఆదరణగలవారు అవుననియే చెప్పుదురు. చివరిది, ఒకదానితో ఒకటి సంబంధము లేని రెండు సాక్ష్యములు దొరకువరకు పెన్సిలుతోనే వ్రాయుడి. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీద ప్రతి సంగతి స్థిరపడవలెనను నియమము ధర్మశాస్త్రములోనే ఉన్నది గదా. రాతిమీద చెక్కించుట ఆ తరువాతి పని.

ఈ చివరి మాట వ్రాయుచుండగా మాకు సిగ్గుగానే ఉన్నది. ఏలూరు వైపునుండి తిరిగివచ్చిన సాయంకాలము మేము టీచరమ్మగారి ఇంటి మెట్లు ఎక్కినాము. ఎట్లు మొదలుపెట్టవలెనో తెలియలేదు. ఆమె కాఫీ ఇచ్చినారు. కాఫీ చల్లారిపోయినది. చివరకు, "అమ్మా, మేము మిమ్మును వేరే ఊరికి పంపినాము. తప్పు మాది" అని చెప్పి, రిజిష్టరు పుట ఫోటోను ఆమె చేతిలో పెట్టినాము. ఆమె కళ్లజోడు సవరించుకొని చాలాసేపు చూచినారు. తండ్రిగారి పేరుమీద వ్రేలు పెట్టి, ఆపైన నాయనమ్మగారి పేరుమీద పెట్టినారు.

"పోనీయండి అయ్యగారూ. ఆ ఊరివాళ్లు మాకు అన్నం పెట్టారు. వాళ్లూ మనవాళ్లే. మళ్లీ బయల్దేరదాం, అంతేకదా" అన్నారు.

ఈసారి మేముకూడ వెంట వెళ్లినాము. ఊరి గుడిలోని భూస్థాపనల పుస్తకములో ఆమె నాయనమ్మగారి పేరు, అదే ఇంటిపేరుతో, భర్త పేరుతో కూడ దొరికినది. అది రెండవ సాక్ష్యము. సమాధి ఏదో ఎవరును చెప్పలేకపోయినారు. అక్కడి పాత సమాధులలో చాలావాటికి రాళ్లు లేవు. ఆ ఇంటిపేరువారు ఊరిలో ఇప్పుడు లేరు. దొరికినంత దొరికినది, దొరకనిది దొరకలేదు. ఆమె గుడిలో చాలాసేపు మోకరించినారు.

తిరుగు దారిలో మేము సమాధి రాయి సంగతి ఎత్తినాము. దానిని మార్పించు ఖర్చు మేము భరించుట న్యాయమని చెప్పినాము. ఆమె కొంతసేపు కిటికీ వైపు చూచి, నవ్వి, టీచరమ్మగారు గనుక, మా లెక్క మాకే అప్పజెప్పినారు.

"ఎందుకండీ మార్చడం? నాయన బాప్తిస్మం పొందిననాడు ఆ ఊరు కృష్ణా జిల్లాలోనే ఉందని మీరేగా చెప్పారు. ప్రక్కన 1912 అని చెక్కిస్తే సరిపోతుంది. అప్పుడది అబద్ధం కాదు."

ఆ రాయి అట్లే ఉన్నది. ఇప్పుడు దానిమీద సంవత్సరముకూడ ఉన్నది.

ప్రియ సంఘ సభ్యులారా, మన గుళ్లలోని పాత రిజిష్టర్లకు చెదలు పట్టుచున్నవి. వానచెమ్మకు పుటలు అతుక్కొనిపోవుచున్నవి. 1864లో బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మనుష్యులనే మిగల్చలేదు. ఇక కాగితముల సంగతి చెప్పనేల. ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి పాస్టరేటు తన పాత పుస్తకములను పుట పుటకు ఫోటో తీయించి, ఒక ప్రతి గుడిలోను మరియొక ప్రతి అధ్యక్ష మండల కార్యాలయములోను ఉంచవలెనని కోరుచున్నాము. ఇంట్లో ముసలివారు ఉన్నవారు వారి నోట ఊరి పేరును, పల్లె పేరును, ఇంటిపేరును ఇప్పుడే అడిగి వ్రాసియుంచుడి. జిల్లా వ్రాసినప్పుడు సంవత్సరముకూడ వ్రాయుడి. మన తరువాత నూరేండ్లకు ఈ పుస్తకములు తెరుచువారు మన చేవ్రాతను చదువుటకు మనమంత కష్టపడకుండునట్లు, దయచేసి అక్షరములు విడివిడిగా వ్రాయుడి.